ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీనా, ఆర్‌టీఎక్స్ 4060 8 జీబీనా? కాగితం మీది అంకెలు ఒకదానికొకటి ఎదురు చెబుతున్నాయి

గౌతమి_తీరం:

అందరికీ నమస్కారం. పీసీకి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలి, రెండింటి దగ్గర ఆగిపోయాను. ఒకటి ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, రెండోది ఆర్‌టీఎక్స్ 4060 8 జీబీ, రెండూ ఎన్విడియా చిప్‌లే. నాకు రెండూ దాదాపు ఒకే ధరకు దొరుకుతున్నాయి, అందుకని ధర చూసి తేల్చుకునే దారి లేదు.

స్పెసిఫికేషన్లు పక్కపక్కన పెట్టుకుని చూశాను. చూసినకొద్దీ అయోమయమే. 4060కి 15.11 టెరాఫ్లాప్స్ (సెకనుకు ఎన్ని లక్షల కోట్ల దశాంశ లెక్కలు అన్న అంకె), 3060కి 12.74. పిక్సెల్ రేటు దానికి 118 గిగాపిక్సెల్స్, దీనికి 85. టెక్స్చర్ రేటు 236, 199. ఇక్కడిదాకా కొత్తదే ముందుంది, బాగానే ఉంది. కిందికొస్తే మొత్తం తిరగబడుతోంది. కొత్తదానికి కోర్లు 3072, పాతదానికి 3584. మెమరీ 8 జీబీ, 12 జీబీ. బస్, అంటే చిప్‌కీ మెమరీకీ మధ్య దారి వెడల్పు, 128 బిట్, 192 బిట్. బ్యాండ్‌విడ్త్, అంటే ఆ దారిలో డేటా వచ్చే వేగం, సెకనుకు 272 జీబీ, 360 జీబీ. 3060 వచ్చింది 2021 ఫిబ్రవరిలో, 4060 వచ్చింది 2023 జూన్‌లో. రెండేళ్లు దాటాక వచ్చిన కార్డుకి ఇన్ని తగ్గించడమేంటి? కోర్లు తక్కువున్నా టెరాఫ్లాప్స్ ఎలా పెరిగాయి?

నా పీసీ ఐ5-10400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 500 వాట్ల పవర్ సప్లై, 1080పీ మానిటర్. ఇప్పుడున్న కార్డు జీటీఎక్స్ 1050 టీఐ. సాయంత్రం ఆటలు ఆడతాను, శని ఆదివారాల్లో 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ నేర్చుకుంటున్నాను, ఈ మధ్య భాషా మోడళ్లు (చాట్‌బాట్ లాంటి ఏఐ) ఇంట్లోనే నడపడం మొదలుపెట్టాను, అవి ప్రస్తుతానికి ప్రాసెసర్ మీదే ఈడ్చుకుంటూ నడుస్తున్నాయి. "ఇది కొనెయ్" అని ఒక్క ముక్కలో చెప్పకుండా, ఈ అంకెల్లో దేన్ని ఎప్పుడు నమ్మాలో కాస్త వివరంగా చెప్పండి.

లెక్కల_మనిషి:

మంచి ప్రశ్న తమ్ముడూ, చాలామంది పైన కనిపించే ఒక్క అంకె చూసి కొనేస్తారు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు టెరాఫ్లాప్స్ సంగతి. అది కార్డును నడిపి, కొలిచి రాసిన అంకె కాదు, ఉత్త గుణకారం. కోర్ల సంఖ్య ఇంటూ 2 ఇంటూ బూస్ట్ క్లాక్ (చిప్ నడిచే వేగమని కంపెనీ రాసిన అంకె), అంతే. 2 ఎందుకంటే ఒక్కో కోర్ ఒక్కో సైకిల్‌లో ఒక గుణకారం, ఒక కూడిక కలిపి చేసేస్తుంది కాబట్టి దాన్ని రెండు లెక్కల కింద వేస్తారు. 3060కి 3584 × 2 × 1.777 గిగాహెర్ట్జ్ వేస్తే 12.74 టెరాఫ్లాప్స్. 4060కి 3072 × 2 × 2.46 వేస్తే 15.11. నీ రెండో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది, కోర్లు తగ్గినా క్లాక్ బాగా పెరిగింది. 3060 చిప్ శాంసంగ్ 8 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది, 4060 చిప్ టీఎస్ఎంసీ 4ఎన్ పద్ధతిలో. ఆ మార్పు వల్లే క్లాక్ అంత పైకి వెళ్లినా కరెంటు వాడకం 170 వాట్ల నుంచి 115కి దిగింది. ఇది నిజంగా పెద్ద మెరుగుదల, తీసిపారేయకూడదు.

పిక్సెల్ రేటు కూడా ఇలాంటి గుణకారమే. రెండింటికీ ఆర్‌ఓపీలు (పిక్సెళ్లను చివరగా రాసే యూనిట్లు) 48, కాబట్టి 85కీ 118కీ మధ్య తేడా మొత్తం క్లాక్‌దే. దానికి వేరే ప్రాధాన్యం ఇవ్వకు, 1080పీలో ఆ అంకె దగ్గర కార్డు ఆగిపోయే సందర్భాలు తక్కువ. టెక్స్చర్ రేటూ అంతే. అంటే నువ్వు "మూడింట్లో కొత్తదే ముందుంది" అనుకుంటున్నావే, అవి మూడు వేర్వేరు సాక్ష్యాలు కావు, క్లాక్ అనే ఒక్క విషయం మూడు చోట్ల కనిపిస్తోంది. పైగా ఇవి గరిష్ఠ పరిమితులు కూడా కావు. నిజంగా ఆడేటప్పుడు రెండు కార్డులూ రాసిపెట్టిన బూస్ట్ కంటే పైకే వెళ్తాయి, 4060 చాలాసార్లు 2.7 గిగాహెర్ట్జ్ దగ్గర ఆడుతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్తపడాల్సిన చోటు. టెరాఫ్లాప్స్‌ని ఒకే తరహా నిర్మాణం ఉన్న కార్డుల మధ్యే పోల్చాలి. ఆర్‌టీఎక్స్ 2080 టీఐకి కాగితం మీద 13.4 టెరాఫ్లాప్స్, ఆర్‌టీఎక్స్ 3070కి 20.3. అంకె చూస్తే 3070 సగం మేర ఎక్కువ వేగంగా ఉండాలి, ఆటల్లో చూస్తే రెండూ దాదాపు సమానం. కారణం ఏంటంటే 20 సిరీస్‌లో ఒక్కో ఎస్ఎమ్‌లో (చిప్‌లో కోర్ల గుంపు) 64 దశాంశ లెక్కల యూనిట్లు, వాటి పక్కన విడిగా 64 పూర్ణాంక యూనిట్లు ఉండేవి. 30 సిరీస్‌లో ఆ రెండో 64 యూనిట్లకి కూడా దశాంశ లెక్కలు చేయడం నేర్పారు, కానీ అవి ఒక సమయంలో ఏదో ఒక్క పనే చేస్తాయి. కాగితం మీద కోర్లు రెట్టింపయ్యాయి. ఆటలో పూర్ణాంక లెక్కలు వచ్చినప్పుడల్లా ఆ రెట్టింపులో కొంత కరిగిపోతుంది. పోటీ కంపెనీ ఏఎండీ కార్డుల్లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆర్‌ఎక్స్ 6650 ఎక్స్‌టీకి 10.8 టెరాఫ్లాప్స్, దాని తర్వాత వచ్చిన ఆర్‌ఎక్స్ 7600కి 21.7. రెండింట్లోనూ షేడర్ యూనిట్లు 2048 మాత్రమే, క్లాక్ దాదాపు అంతే. కొత్తదాంట్లో ఒకేసారి రెండు ఆదేశాలు పంపే ఏర్పాటు పెట్టి అంకెను రెండింతలు చేసి రాశారు. ఆటల్లో తేడా మాత్రం కొద్దిగానే.

నీ రెండు కార్డుల విషయంలో అదృష్టవశాత్తూ ఈ గొడవ లేదు. 30, 40 సిరీస్‌లలో ఎస్ఎమ్ నిర్మాణం లెక్కల వరకూ ఒకే తీరు. 15.11ని 12.74తో భాగిస్తే దాదాపు 19 శాతం ఎక్కువ. ఫ్రేమ్ జనరేషన్ (అసలు ఫ్రేముల మధ్య ఊహించిన ఫ్రేములు చొప్పించడం) లేకుండా 4060 తన పాతదానికంటే 1.2 రెట్లు వేగమని ఎన్విడియా తానే చెప్పింది, 1080పీ సమీక్షల్లోనూ సుమారు అంతే వచ్చింది. ఇక్కడ టెరాఫ్లాప్స్ నిజమే చెప్పింది, మెమరీ సరిపోయినంతవరకూ.

ఇక బ్యాండ్‌విడ్త్. 192 బిట్లు ఇంటూ 15 జీబీపీఎస్, భాగించు 8, అదీ నీ 360. 128 ఇంటూ 17, భాగించు 8, అది 272. దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఒక్కో టెరాఫ్లాప్‌కి మెమరీ నుంచి సెకనుకు ఎంత డేటా అందుతోందో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది, 3060కి 28 జీబీ, 4060కి 18. ఇంత తగ్గించీ ఎలా నెట్టుకొస్తోందంటే చిప్ లోపలి ఎల్2 క్యాష్ వల్ల. 3060లో అది 3 ఎంబీ, 4060లో 24 ఎంబీ. పొయ్యి పక్కన పోపుల పెట్టె పెద్దదైతే మాటిమాటికీ స్టోర్ రూమ్‌కి పరిగెత్తక్కర్లేదు కదా, అలాగ. చిప్‌లో ట్రాన్సిస్టర్లు 1200 కోట్ల నుంచి 1890 కోట్లకి పెరగడంలో ఈ క్యాష్‌కి కూడా వాటా ఉంది. బస్ వెడల్పు చేయాలంటే చిప్ అంచుల్లో చోటు కావాలి, పక్కన మరిన్ని మెమరీ చిప్‌లు కావాలి, అది ఖర్చు. క్యాష్ పెంచుకోవడం వాళ్లకు లాభసాటి. 4060 చిప్ సైజు 159 చదరపు మిల్లీమీటర్లే, 3060ది 276.

ఎన్విడియా తన పట్టికలో 4060కి 272 పక్కన "453 ఎఫెక్టివ్" అని కూడా రాసింది. అది క్యాష్‌లోనే దొరికిపోయే డేటాని లెక్కేసి చెప్పిన అంకె, కార్డు బయటి మెమరీతో మాట్లాడే వేగం కాదు. ఆటల్లో దానికి కొంత అర్థం ఉంది. అన్ని పనులకీ దాన్నే పట్టుకుంటే మోసపోతావు.

ఓరుగల్లు_గేమర్:

లెక్కల_మనిషి అన్న బాగా చెప్పాడు, కాకపోతే నీ ప్రాసెసర్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అది స్పెసిఫికేషన్ల పట్టికలో అడుగున ఉంటుంది, అక్కడిదాకా ఎవరూ చూడరు.

పీసీఐఈ అంటే కార్డు ప్రాసెసర్‌తో మాట్లాడే దారి. 4060ది పీసీఐఈ 4.0, కానీ 8 లేన్లే. 3060ది 4.0, 16 లేన్లు. నీ 10400ఎఫ్ పదో తరం, అది పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది. అంటే నీ బోర్డులో 4060 పెడితే ప్రాసెసర్ వైపు నుంచి సెకనుకు దాదాపు 8 జీబీయే వస్తుంది, 3060 పెడితే 16. ఆటకి కావాల్సింది అంతా కార్డు మెమరీలోనే పడితే ఈ తేడా పెద్దగా తెలియదు, కొన్ని ఫ్రేములు అటూ ఇటూ. ఎప్పుడైతే 8 జీబీ నిండి, మిగతా టెక్స్చర్లు నీ మామూలు ర్యామ్‌లోకి పొంగుతాయో అప్పుడు ఆ సన్నటి దారిలోంచే అన్నీ రావాలి. సగటు ఫ్రేమ్ రేట్ బానే కనిపిస్తుంది, కానీ మలుపు తిరిగినప్పుడల్లా ఆట గక్కున ఆగి కదులుతుంది. కొన్ని ఆటలైతే ఆగవు, టెక్స్చర్ల నాణ్యతే దించేస్తాయి, గోడలు మొహాలు మసకగా కనిపిస్తాయి, ఫ్రేమ్ రేట్ గ్రాఫ్‌లో అది ఎక్కడా కనపడదు.

అలాగని 1080పీలో ఆడేవాడికి 4060 వద్దని నేను చెప్పను. టెక్స్చర్లు అల్ట్రా నుంచి హై కి దించితే చాలా ఆటలు 8 జీబీలో హాయిగా నడుస్తాయి. ఉత్త ఆటల కోసమే అడిగి ఉంటే, పీసీఐఈ 4.0 బోర్డు ఉండుంటే, 4060 తీసుకోమనేవాడిని. ఎన్విడియా ఫ్రేమ్ జనరేషన్ దానికే ఉంది, రే ట్రేసింగ్ (వెలుతురు కిరణాలను లెక్కగట్టడం) కోర్లు ఒక తరం కొత్తవి, ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌లో ఎన్‌కోడ్ చేస్తుంది. 3060 ఏవీ1ని చదవగలదు గానీ రాయలేదు. నువ్వు ఆట రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేవాడివైతే అది పనికొచ్చే తేడా, తక్కువ బిట్‌రేట్‌లో మంచి క్వాలిటీ వస్తుంది.

వేడి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా వరంగల్‌లో మే నెల ఎలా ఉంటుందో నాకు తెలుసు, మీ గోదావరి జిల్లాల్లో ఉక్కపోత దానికి అదనం. తేడా 55 వాట్లు. రోజుకి 4 గంటలు ఆడితే నెలకు ఆరేడు యూనిట్లు, బిల్లులో పెద్దగా ఏమీ కాదు, స్లాబ్ మారే అంచున ఉంటే తప్ప. కానీ ఆ 55 వాట్లూ గదిలోకే వేడిగా వస్తాయి, ఏసీ లేని చిన్న గదిలో అది ఒంటికి తెలుస్తుంది. కరెంటు పోతే యూపీఎస్ మీద నడిపే ఇళ్లల్లో ఇంకో లాభం, మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు, 4060తో ఆ లోపు ఉండటం తేలిక.

ఇంట్లో_ఏఐ:

గౌతమి_తీరం గారూ, మీరు భాషా మోడళ్లు అన్నారు కాబట్టి నా మాట కూడా వినండి. మీ మూడు పనుల్లో ఈ ఒక్కదానికి పై లెక్క మొత్తం తిరగబడుతుంది, అది ఎందుకో తెలిస్తే మీకు కార్డు ఎంచుకోవడం సులువు.

మోడల్ ఒక్కో టోకెన్ (పదం లేదా పదంలో ముక్క) రాయాలంటే తన బరువులన్నీ, అంటే ఫైల్ మొత్తాన్నీ, మెమరీలోంచి ఒకసారి చదవాలి. 800 కోట్ల పారామీటర్ల మోడల్‌ని 4 బిట్లకు కుదిస్తే దాదాపు 5 జీబీ అవుతుంది. 360ని 5తో భాగించండి, 72. 272ని 5తో భాగించండి, 54. సెకనుకు ఇన్ని టోకెన్లు అన్నది సిద్ధాంతపరంగా ఆ కార్డుల పైకప్పు, నిజంగా వచ్చేది దానికంటే తక్కువే ఉంటుంది కానీ రెండింటి మధ్య నిష్పత్తి మాత్రం దగ్గర్లోనే ఉంటుంది. చూశారా, 19 శాతం ఎక్కువ టెరాఫ్లాప్స్ ఉన్న కార్డు ఇక్కడ వెనకబడింది. ఆటల్లో దాన్ని కాపాడిన 24 ఎంబీ క్యాష్ ఇక్కడ అక్కరకు రాదు. 5 జీబీ ఫైల్‌ని ప్రతిసారీ మొదటి నుంచి చివరిదాకా చదవాలి కదా, 24 ఎంబీలో దాచుకోవడానికి ఏముంటుంది? ఆ "453 ఎఫెక్టివ్" అన్న అంకె ఈ పనిలో పూర్తిగా మాయమైపోతుంది.

ఇదొక్కటే అయితే సర్దుకుపోవచ్చు, 54 అయినా మనిషి చదివే వేగానికి ఎక్కువే. అసలు దెబ్బ కెపాసిటీ దగ్గర. 1400 కోట్ల పారామీటర్ల మోడల్ 4 బిట్లలో దాదాపు 9 జీబీ. దాని మీద సంభాషణ పొడుగయ్యేకొద్దీ కాంటెక్స్ట్‌కి వేరే మెమరీ కావాలి, విండోస్ తన వాటా కొంత తీసుకుంటుంది. 12 జీబీలో ఇది పడుతుంది, 8 జీబీలో పడదు. పట్టని భాగం మీ మామూలు ర్యామ్‌లో ఉంటుంది. 10400ఎఫ్ అధికారికంగా డీడీఆర్4-2666 దాకా తీసుకుంటుంది, రెండు స్టిక్కులు వేసినా సెకనుకు 42 జీబీ చిల్లర. 272 వేగంతో చదివే కార్డు, మిగిలిన ముక్క కోసం 42 వేగంతో చదివే ర్యామ్ దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మీ ర్యామ్ ఒకటే స్టిక్ అయితే ఆ 42 కూడా సగమవుతుంది, అది ఒకసారి చూసుకోండి.

ఒక చిన్న సంగతి, విండోస్‌లో ఎన్విడియా డ్రైవర్ 2023 నుంచి మెమరీ నిండితే ఎర్రర్ ఇచ్చి ఆపకుండా చడీచప్పుడు లేకుండా మామూలు ర్యామ్‌లోకి పంపించేస్తుంది. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, ఎందుకింత మెల్లగా అయిందో అర్థం కాదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ మెమరీ ఫాల్‌బ్యాక్ అనే సెట్టింగ్ ఉంది, దాన్ని ఆపేస్తే కనీసం ఎర్రర్ వచ్చి సంగతి తెలుస్తుంది.

అన్ని ఏఐ పనులూ ఇలాగే అని కాదు. పొడుగాటి ప్రశ్నను మోడల్ మొదట చదువుకునే దశలో లెక్కల వేగమే ముఖ్యం, అక్కడ 4060 ముందుంటుంది. బొమ్మలు గీసే మోడళ్లలో కూడా అంతే, మెమరీలో పట్టినంతవరకూ 4060కే మొగ్గు. వాటిని మన ఫొటోలతో కొంచెం శిక్షణ ఇద్దామనుకుంటే మళ్లీ 12 జీబీ ఉన్నవాడిదే సుఖం.

గౌతమి_తీరం:

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ చాలా థాంక్స్. టెరాఫ్లాప్స్ లెక్క నేనే వేసి చూసుకున్నాను, సరిగ్గా వచ్చింది. ఒకే స్టిక్ సంగతి నిజమే, నాది 16 జీబీ ఒకటే స్టిక్, ముందు ఇంకోటి తెచ్చి పెడతాను.

రెండు సందేహాలు మిగిలాయి. బ్లెండర్‌లో ఏది మేలు? రెండోది, మా ఫ్రెండ్ ఒకడు ఫ్రేమ్ జనరేషన్ ఉంటే 8 జీబీ చాలు, దానితో రెట్టింపు ఫ్రేములు వస్తాయి కదా అంటున్నాడు. అది కరెక్టేనా? ఇంటెల్ ఆర్క్ బీ580 పేరు కూడా వినిపిస్తోంది, 12 జీబీ ఉందట.

లెక్కల_మనిషి:

బ్లెండర్‌లో, సైకిల్స్ అనే రెండర్ ఇంజిన్‌లో ఆప్టిక్స్ (ఎన్విడియా ఆర్‌టీ కోర్లను వాడే పద్ధతి) పెట్టుకుని రెండర్ చేస్తే 4060 స్పష్టంగా వేగం. అది రే ట్రేసింగ్ పని, 4060లో ఆర్‌టీ కోర్లు 28 బదులు 24 ఉన్నా అవి మూడో తరానివి, ఎన్విడియా లెక్కలో 35 ఆర్‌టీ టెరాఫ్లాప్స్, 3060వి 25. కానీ ఆ వేగం రావాలంటే సీన్ మొత్తం కార్డు మెమరీలో పట్టాలి, లేకపోతే బ్లెండర్ మామూలు ర్యామ్‌ని వాడుకుని నెమ్మదిస్తుంది. నేర్చుకునే దశలో చేసే కుర్చీ, గది, చిన్న బొమ్మ లాంటివాటికి 8 జీబీ ఎక్కువే. చెట్లూ గడ్డీ వేసి, 4కే టెక్స్చర్లు అంటించి, పొగ సిమ్యులేషన్ పెట్టే రోజు వచ్చినప్పుడు తెలుస్తుంది. నెమ్మదిగా రెండర్ అయ్యే కార్డుతో రాత్రి పెట్టి పడుకోవచ్చు, ర్యామ్ కూడా చాలక ఆగిపోయిన రెండర్‌కి ఆ దారి లేదు, సీన్ విడగొట్టాలి లేదా టెక్స్చర్లు కుదించాలి.

ఫ్రేమ్ జనరేషన్ గురించి మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. అది రెండు అసలు ఫ్రేముల మధ్య ఒకటి ఊహించి పెడుతుంది. స్క్రీన్ మీద కదలిక మెత్తగా కనిపిస్తుంది, నీ మౌస్‌కి ఆట స్పందించే వేగం మాత్రం అసలు ఫ్రేములదే, ఇంకాస్త ఆలస్యం కూడా కలుస్తుంది. 60 నుంచి 100కి వెళ్లడానికి బాగుంటుంది, 25 వచ్చే ఆటని 45 చేద్దామంటే చేతికి బరువుగా ఉంటుంది. ముఖ్యమైన సంగతి, ఆ పనికి అదనంగా మెమరీ కావాలి. 8 జీబీ ఇప్పటికే అంచున ఉన్న ఆటలో అది ఆన్ చేస్తే మెమరీ కొరత తీరదు, పెరుగుతుంది.

అలాగని 3060కి డీఎల్ఎస్ఎస్ (ఎన్విడియా ఏఐతో బొమ్మ రిజల్యూషన్, ఫ్రేములు పెంచే ఏర్పాటు) లేదనుకోకు. రిజల్యూషన్ పెంచే భాగం అన్ని ఆర్‌టీఎక్స్ కార్డులకూ ఉంది, 2025 జనవరిలో వచ్చిన డీఎల్ఎస్ఎస్ 4 కొత్త మోడల్ కూడా 3060లో పనిచేస్తుంది. ఏఎండీ వాళ్ల ఇలాంటి ఏర్పాటే అయిన ఎఫ్ఎస్ఆర్ 3 ఉన్న ఆటల్లో అయితే వాళ్ల ఫ్రేమ్ జనరేషన్ 3060 మీద కూడా నడుస్తుంది.

ఓరుగల్లు_గేమర్:

బీ580 కాగితం మీద చాలా బాగుంటుంది, 12 జీబీ, 192 బిట్, సెకనుకు 456 జీబీ, 2024 డిసెంబర్‌లో 249 డాలర్లకి వదిలారు. కానీ దాని డ్రైవర్ ప్రాసెసర్ మీద ఎక్కువ బరువు వేస్తుంది, పాత ఆరు కోర్ల ప్రాసెసర్లతో కొన్ని ఆటల్లో బాగా పడిపోతుంది. రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకోగలిగే సదుపాయం) లేకపోతే దాని జోలికే పోకూడదు, పదో తరం బోర్డుల్లో అది బయోస్ అప్‌డేట్ మీద ఆధారపడుతుంది. నీ 10400ఎఫ్‌కి నేను చెప్పను. పైగా బ్లెండర్, మోడళ్లు అన్నావు, నేర్చుకునేవాడికి దొరికే పాఠాలూ ప్రోగ్రాములూ ఎక్కువ ఎన్విడియా కార్డుల్లోనే నడిచే క్యూడా మీదే ఉన్నాయి.

4060 తర్వాతి తరం 5060 గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. జీడీడీఆర్7 మెమరీ పెట్టి అదే 128 బిట్ బస్ మీద 448 జీబీ తెచ్చారు, బ్యాండ్‌విడ్త్ కొరత తీర్చారు, కెపాసిటీ మాత్రం మళ్లీ 8 జీబీ దగ్గరే ఆపేశారు. అది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. బడ్జెట్ పెంచగలిగితే 5060 టీఐ 16 జీబీ ఉంది, అది వేరే ధర, వేరే చర్చ.

సీటీసీ_సందు:

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో చాలా ఏళ్లుగా కార్డులు కొని బిగిస్తున్నవాడిగా ఒక్క హెచ్చరిక, 3060 వైపు మొగ్గుతున్నావు కాబట్టి.

3060 పేరుతో రెండు కార్డులు ఉన్నాయి. 2022 చివర్లో 8 జీబీది ఒకటి వదిలారు. కోర్లు అవే 3584, క్లాక్ అదే, కాబట్టి టెరాఫ్లాప్స్ కూడా అవే 12.74. కానీ బస్ 128 బిట్, బ్యాండ్‌విడ్త్ 360 నుంచి 240కి పడిపోయింది, క్యాష్ ఏమీ పెంచలేదు. ఆటల్లో 12 జీబీ దానికంటే స్పష్టంగా వెనకబడుతుంది. టెరాఫ్లాప్స్ ఒక్కటే చూసి కొనేవాడికి ఈ రెండూ ఒకటే కార్డు, అందుకే ఈ సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలనిపించింది. డబ్బా మీద పెద్దక్షరాల్లో 3060 అనే ఉంటుంది, 8 జీబీ అన్నది ఓ మూల ఉంటుంది. నాకు తెలిసిన ఓ కుర్రాడు ఒక షాపులో 3060 అని అడిగి, ఇచ్చింది తీసుకుని ఇంటికెళ్లాక చూస్తే 8 జీబీది. సీల్ విప్పాం కదా అని వాళ్లు వెనక్కి తీసుకోలేదు.

కొత్తది దొరక్క వాడినది కొంటున్నావంటే ఇంకో రెండు మాటలు. 3060 మైనింగ్ (కార్డులతో క్రిప్టో నాణేలు సంపాదించడం) జోరుగా ఉన్న రోజుల్లో వచ్చిన కార్డు. మైనింగ్ వేగం తగ్గించే పరిమితి పెట్టి అమ్మినా దాన్ని తర్వాత దాటేశారు, కాబట్టి పగలూ రాత్రీ నడిచిన కార్డులు మార్కెట్‌లో ఉంటాయి. మైనింగ్ చేసిన ప్రతి కార్డూ చెడిపోయిందని కాదు, ఫ్యాన్ బేరింగులూ, థర్మల్ ప్యాడ్లూ అరిగి ఉంటాయి. అమ్మేవాడి పీసీలోనే పెట్టించి ఓ అరగంట బరువైన టెస్ట్ నడిపించు, ఫ్యాన్ శబ్దం విను, స్క్రీన్ మీద రంగు చుక్కలు మెరుస్తున్నాయేమో చూడు. వారంటీ సీరియల్ నంబర్ మీద ఇంకా మిగిలుందో లేదో కంపెనీ సైట్‌లో చూసుకున్నాకే డబ్బు ఇవ్వు.

కొత్తదైనా పాతదైనా కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ ఓపెన్ చేసి మూడు గళ్లు చూడు. షేడర్లు (అంటే కోర్లు) 3584 ఉండాలి, బస్ విడ్త్ 192 బిట్ ఉండాలి, మెమరీ సైజ్ 12288 ఎంబీ ఉండాలి. నకిలీ పేరు పెట్టిన పాత కార్డులు అమ్మేవాళ్లున్నారు, పేరు మార్చి బయోస్ ఎక్కించిన కార్డుని గుర్తుపట్టి ఆ ప్రోగ్రామే ఫేక్ అని చూపిస్తుంది చాలాసార్లు.

గౌతమి_తీరం:

ఆ రెండో 3060 సంగతి నాకు అస్సలు తెలీదు, చాలా పెద్ద సాయం చేశారు సార్. నా లెక్క ఇలా తేలింది. 1050 టీఐ నుంచి వస్తున్నాను, దానికి 2.1 టెరాఫ్లాప్స్, సెకనుకు 112 జీబీ, ఆటలకి ఈ రెండింట్లో ఏదైనా నాకు పెద్ద మార్పే, ఆ 19 శాతం నేను వదులుకోగలను. 9 జీబీ మోడల్ నడవకపోవడం మాత్రం వదులుకోలేను. బోర్డు కూడా 3.0 కాబట్టి 3060 12 జీబీనే కొత్తది, వారంటీతో తీసుకుంటున్నాను. 500 వాట్ల పవర్ సప్లై సరిపోతుందా? ఎన్విడియా 550 అని రాసింది.

లెక్కల_మనిషి:

550 అన్నది ఎలాంటి పవర్ సప్లై ఉన్నా ఇబ్బంది రాకుండా వేసిన మార్జిన్. కార్డు 170, నీ ప్రాసెసర్ టర్బోలో కాసేపు 130 దాకా వెళ్తుంది, బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఓ 50 వేసుకో, మొత్తం 350. మంచి 500 వాట్లది హాయిగా మోస్తుంది. పవర్ సప్లై పక్కన ఉన్న లేబుల్‌లో 12 వోల్టుల లైన్ ఎన్ని వాట్లు ఇస్తుందో చూడు, 450 పైన ఉంటే దిగుల్లేదు. 300, 350 అని ఉంటే అది పేరుకే 500, ముందు దాన్ని మార్చు. కార్డుకి 8 పిన్నుల పీసీఐఈ వైరు కావాలి, 1050 టీఐకి మామూలుగా అదనపు వైరే అక్కర్లేదు కాబట్టి అది నీ పవర్ సప్లైలో ఉందో లేదో ఇప్పటిదాకా చూసి ఉండవు. కేబినెట్ విప్పి చూసుకున్నాక ఆర్డర్ పెట్టు.